వయా కాదు, నోడ్ ఎక్కండి: గుంటూరు నుంచి బెజవాడ ప్యాకెట్ బీబీఎస్‌కి దారి

గుంటూరు నుంచి ఒక హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇల్లు బ్రాడీపేటలో. డాబా మీద రెండు మీటర్ల బ్యాండ్ యాంటెన్నా, అయిదు వాట్ల హ్యాండ్‌సెట్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద డైర్‌వుల్ఫ్, అంటే రేడియో శబ్దాన్ని డేటాగా, డేటాని శబ్దంగా మార్చే ప్రోగ్రాము. గుణదలలో స్నేహితుడు నడుపుతున్న ప్యాకెట్ బీబీఎస్‌కి, అంటే రేడియో మీద డేటా ముక్కలుగా ఉత్తరాలు ఇచ్చి పుచ్చుకునే బులెటిన్ బోర్డుకి, నేరుగా కనెక్ట్ కావడం లేదు. మధ్యలో మంగళగిరిలో ఒక స్టేషన్, తాడేపల్లిలో ఇంకొకటి ఉన్నాయని తెలిసి రెండిటినీ వయా కింద, అంటే ప్యాకెట్‌ని తిరిగి పలికే డిజిపీటర్లుగా, పెట్టారు. కనెక్టెడ్ అని వస్తోంది, బీబీఎస్ పలకరింపు కూడా వస్తోంది. మెసేజ్‌ల లిస్టు అడగ్గానే నాలుగైదు లైన్లు వచ్చి ఆగిపోతోంది, కాసేపటికి లింకు తెగిపోతోంది. పవర్ పెంచాలా, యాంటెన్నా మార్చాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే అక్కర్లేదు. ముందు ఆ వయాలు రెండూ తీసేయండి. మంగళగిరి స్టేషన్ నోడ్ కూడా, అంటే ప్యాకెట్‌ని తీసుకుని తన పూచీ మీద ముందుకి పంపేది కూడా, అని మీరే రాశారు. అయితే దానికి మామూలుగా కనెక్ట్ అవ్వండి. అది పలికాక, దాని ప్రాంప్ట్ దగ్గర నుంచి బీబీఎస్‌కి కనెక్ట్ కొట్టండి. మీ సమస్యలో ముప్పాతిక వంతు అక్కడే తీరిపోతుంది. ఎందుకో తెలిస్తే మిగతా పావు కూడా మీరే సరిచేసుకోగలరు, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు దూరం సంగతి. బ్రాడీపేట నుంచి గుణదలకి కాకి దారిన ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. వీహెచ్‌ఎఫ్‌లో, అంటే మీ రెండు మీటర్ల బ్యాండ్ ఉన్న రేడియో పరిధిలో, చూపు ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. పది మీటర్ల ఎత్తుకి 13 కిలోమీటర్లు. ఇద్దరిదీ పదేసి మీటర్లే అనుకుంటే రెండూ కలిపి 26. అంటే మధ్యలో ఏ అడ్డూ లేకపోయినా మీ ఇద్దరికీ నేరుగా అందదు. పైగా మీ వైపు నుంచి గుణదలకి మధ్యలో మొగల్రాజపురం కొండలు అడ్డుపడే అవకాశం ఉంది. అయిదు వాట్లని యాభై చేసినా కొండ కరగదు. మంగళగిరి మాత్రం సరిగ్గా దారిలో ఉంది, మీకు ఇంచుమించు 20 కిలోమీటర్లు, బెజవాడకి 11. అక్కడ యాంటెన్నా కొంచెం ఎత్తున ఉంటే చాలు, అటూ ఇటూ హాయిగా అందుతుంది. కాబట్టి మధ్యవర్తి కావాలి, అందులో అనుమానం లేదు. ఆ మధ్యవర్తిని ఎలా వాడుకుంటున్నామన్నదే అసలు విషయం.

డిజిపీటర్ అంటే విన్న ప్యాకెట్‌ని విన్నట్టు, అదే ఫ్రీక్వెన్సీ మీద, ఇంకోసారి అరిచే మనిషి. ఎవరికి చేరింది, చేరలేదు అన్నది దానికి పట్టదు. నోడ్ అలా కాదు, పార్శిల్ ఆఫీసు గుమస్తాలాగా సంతకం పెట్టి తీసుకుంటుంది, అవతలి ఆఫీసు సంతకం పెట్టేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది, పోతే తనే మళ్లీ పంపుతుంది. 1984లో ప్యాకెట్ రేడియో నియమావళి అయిన ఏఎక్స్.25 రెండో వెర్షన్ వచ్చినప్పుడు ఒక ప్యాకెట్ తలకట్టులో ఎనిమిది డిజిపీటర్ల దాకా పెట్టుకోవచ్చు అన్నారు. తరువాతి 2.2 వెర్షన్లో రెండుకి మించి వద్దన్నారు. ఈ మధ్యలోనే, 1987లో, నెట్‌రామ్ అనే ప్రోగ్రాము వచ్చి టీఎన్‌సీ (రేడియోకి తగిలించే ప్యాకెట్ మోడెమ్ పెట్టె) చిప్‌లోకి నోడ్‌ని దించేసింది. అప్పటి నుంచి చాలాచోట్ల డిజిపీటర్ల గొలుసులు పక్కకి పోయాయి. తామున్న చోటు, చిన్న సమాచారం ప్యాకెట్లలో ప్రకటించుకునే ఏపీఆర్ఎస్ వాళ్ల సంగతి వేరు, అక్కడ జవాబు అక్కర్లేని ప్యాకెట్లు కాబట్టి డిజిపీటరే సరైనది.

లెక్క చూడండి. ఒక్కో అంగలో, అంటే ఒక స్టేషన్ నుంచి తరువాతి స్టేషన్‌కి, పదికి తొమ్మిది ప్యాకెట్లు క్షేమంగా చేరతాయనుకుందాం. ఇది మంచి లింకే. మీరు పెట్టింది రెండు డిజిపీటర్లు, అంటే మూడు అంగలు. ప్యాకెట్ మూడు అంగలు పోవాలి, చేరిందన్న జవాబు మూడు అంగలు తిరిగి రావాలి. మొత్తం ఆరు. ఆరుసార్లు 0.9 గుణిస్తే 0.53. సగానికి సగం ప్రయత్నాలు వృథా. ఒక్కో అంగ పదికి ఎనిమిది చొప్పున ఉంటే నాలుగింట ఒక్కటి గట్టెక్కుతుంది. అంతకంటే బాధాకరం ఏమిటంటే, ఆఖరి అంగలో పోయినా మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. గుణదలలో పుట్టిన ప్యాకెట్ తాడేపల్లి దాటి, మంగళగిరి దాటి, మీ డాబా మీదకొచ్చి పాడైతే గుణదల నుంచే మళ్లీ బయలుదేరుతుంది. నోడ్ ఉంటే మంగళగిరి నుంచే బయలుదేరుతుంది. తేడా అంతా ఇదే.

మరి కనెక్ట్ ఎందుకవుతోంది, లిస్టు దగ్గరే ఎందుకు చస్తోంది? కనెక్ట్ అడిగే ప్యాకెట్ చాలా చిన్నది. రెండు చిరునామాలకి 14 బైట్లు, రెండు డిజిపీటర్లకి ఇంకో 14, కంట్రోల్ బైట్ ఒకటి, తప్పుల తనిఖీకి రెండు. ముప్పైఒక్క బైట్లు. సెకనుకి 1200 బిట్లు పోయే 1200 బాడ్ మీద అది అయిదో వంతు సెకను. దూరిపోతుంది. లిస్టు అలా కాదు. బీబీఎస్ వైపు ప్యాకెట్ సైజు 256, ఒక్క ఊపులో నాలుగు పంపే ఏర్పాటు ఉంటే, ఒక్కో ప్యాకెట్‌కి దగ్గర దగ్గర రెండు సెకన్లు, మొత్తం ఎనిమిది సెకన్ల ఏకధాటి కూత. దాన్ని తాడేపల్లి మళ్లీ ఎనిమిది సెకన్లు కూయాలి, ఆ తరువాత మంగళగిరి ఇంకో ఎనిమిది. ఇరవైనాలుగు సెకన్లు ఫ్రీక్వెన్సీ నిండిపోతుంది, మీకు చేరేది మహా అయితే కిలోబైట్. ఆ నాలుగింటిలో రెండోది పాడైతే మూడు, నాలుగు బాగా వచ్చినా వాటిని పారేయాల్సిందే, రెండో దాని నుంచి మళ్లీ పంపాలి. ఈలోపు బీబీఎస్ వైపు జవాబు కోసం ఎదురుచూసే గడియారం ఉంటుంది, దాన్ని ఫ్రాక్ అంటారు. మామూలుగా మూడు సెకన్లు. డిజిపీటర్లు ఉంటే చాలా టీఎన్‌సీలు దాన్ని పెంచుకుంటాయి, రెండు డిజిపీటర్లకి అయిదు రెట్లు, పదిహేను సెకన్లు. పై లెక్కలో జవాబు పదిహేను లోపు వచ్చే వీలే లేదు. అది రాలేదని బీబీఎస్ మళ్లీ అడుగుతుంది, ఆ అడగడం ఇంకా వచ్చే ప్యాకెట్ల మీద పడుతుంది. పదిసార్లు అయ్యాక రిట్రై లెక్క దాటిపోయి లింకు కొట్టేస్తుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే.

ఇక్కడే ఒక చిక్కు కూడా గమనించాలి. మీరు మీ డైర్‌వుల్ఫ్‌లో ప్యాకెట్ సైజు తగ్గించానని రాశారు, లాభం లేకపోయిందన్నారు. ఉండదు. మీ సెట్టింగ్ మీరు పంపే వాటికి మాత్రమే. లిస్టు పంపేది బీబీఎస్, కాబట్టి మార్చాల్సింది మీ స్నేహితుడు. ఫోన్ చేసి ఆ పోర్ట్‌లో సైజు 128కి, మాక్స్‌ఫ్రేమ్, అంటే ఒక్క ఊపులో పంపే ప్యాకెట్ల లెక్క, రెండుకి తగ్గించమనండి. మొహమాటం వద్దు, దాని వల్ల ఊళ్లో వాళ్లకీ పెద్ద నష్టం ఉండదు.

మీరూ, గుణదల స్టేషనూ ఒకరినొకరు వినలేకపోవడం వల్ల ఇంకో తంటా. ప్యాకెట్ స్టేషన్ పంపే ముందు చానల్ ఖాళీగా ఉందా అని వింటుంది. మీకు గుణదల వినపడదు కాబట్టి ఖాళీ అనుకుని మీ జవాబు పంపేస్తారు, అదే క్షణంలో గుణదల నుంచి వస్తున్న ప్యాకెట్ మంగళగిరిలో మీ దానితో గుద్దుకుని రెండూ పోతాయి. పర్సిస్ట్ 63, స్లాట్‌టైమ్ 10 అన్న మామూలు సెట్టింగులు, అంటే ప్రతి పదో వంతు సెకనుకీ నాలుగింట ఒక వంతు అవకాశంతో పంపడం, మీరు వినగలిగిన వాళ్లతో మర్యాదగా ఉండడానికి పనికొస్తాయి. వినపడని వాడితో ఏ మర్యాదా పనిచేయదు. దీనికి నిఖార్సయిన మందు మంగళగిరి నుంచి బెజవాడకి వేరే ఫ్రీక్వెన్సీ మీద లింకు. అది నోడ్ యజమాని దయ. కొండల మీదా, గుట్టల మీదా మనిషి లేకుండా నడిచే స్టేషన్ కొత్తగా పెట్టాలని ఎవరికైనా ఉత్సాహం వస్తే, ముందు కేంద్ర ప్రభుత్వంలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ అనుమతి సంగతి చూసుకుని తరువాత యాంటెన్నా పైపు ఎత్తండి.

ఇక దారి. కమాండ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మంగళగిరి నోడ్‌కి ఒక కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు), ఒక మారుపేరు ఉంటాయి. రైల్వే వాళ్ల స్టేషన్ కోడ్‌ల మాదిరి పొట్టి పేర్లు పెట్టుకుంటే గుర్తుండడం తేలిక, బెజవాడకి బీజెడ్‌ఏ, గుంటూరుకి జీఎన్‌టీ అన్నట్టు. మీ టెర్మినల్ నుంచి నోడ్ కాల్‌సైన్‌కి కనెక్ట్ అడగండి. ఎస్‌ఎస్‌ఐడీ, అంటే కాల్‌సైన్ తరువాత గీత పెట్టి ఇచ్చే అంకె, సున్నా నుంచి పదిహేను దాకా ఉంటుంది, అది కూడా సరిగ్గా ఇవ్వాలి. ఒకే కాల్‌సైన్ మీద ఒకాయన నోడ్ ఒక అంకెతో, బీబీఎస్ ఇంకో అంకెతో, డిజిపీటర్ మరో అంకెతో నడుపుతాడు. అంకె తప్పితే సమాధానం రాదు, స్టేషన్ ఆగిపోయిందని మనం అనుకుంటాం.

కనెక్టెడ్ అని వచ్చాక చాలా నోడ్‌లు మౌనంగా ఉంటాయి. పలకరింపు కోసం చూడకుండా నోడ్స్ అని కొట్టండి. దానికి తెలిసిన నోడ్‌ల జాబితా వస్తుంది. రూట్స్ అని కొడితే పొరుగు స్టేషన్లు, ఒక్కోదానికి సున్నా నుంచి 255 మధ్య ఒక నాణ్యత అంకె కనిపిస్తాయి. ఆ అంకెని చూసి మోసపోవద్దు. అది ఎవరూ కొలిచింది కాదు, నోడ్ యజమాని చేత్తో పెట్టింది. పక్క లింకుకి 192 అని పెట్టుకుంటే, దాని అవతలి నోడ్ కూడా 192 అని చెబితే, రెండూ గుణించి 256తో భాగిస్తే 144, ఇంకో అంగకి 108. దగ్గర దారిని ముందు ఎంచుకోవడానికి ఆ లెక్క, అంతకు మించి అర్థం లేదు.

నోడ్స్ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అక్కడికి దారి ఉన్నట్టు కాదు, ఇది కొత్తవాళ్లు ఎక్కువగా బోర్లా పడే చోటు. నోడ్‌లు గంటకోసారి తమ జాబితా అందరికీ వినపడేలా ప్రకటిస్తాయి. ఒకసారి విన్న పేరు మళ్లీ వినపడకపోయినా వెంటనే తుడిచేయవు, గంటకో అంకె చొప్పున తగ్గించుకుంటూ కొన్ని గంటలు ఉంచుతాయి. మనది కోస్తా. వేసవిలో తెల్లవారుజామున గాలి పొరల మధ్య సిగ్నల్ చిక్కుకుని మామూలుగా అందని దూరాలకి పోతుంది. ఏ మచిలీపట్నం వైపు నుంచో, ఇంకా కింద నుంచో ఒక నోడ్ ప్రకటన ఆ వేళకి మంగళగిరి చెవిన పడితే జాబితాలో చేరిపోతుంది. మీరు పదకొండు గంటలకి టీ తాగుతూ చూసి, అబ్బో అని కనెక్ట్ కొడితే ఎండకి ఆ పొర ఎప్పుడో చెదిరిపోయి ఉంటుంది. ఎంతసేపు కొట్టినా ఫెయిల్యూర్ అనే వస్తుంది. అది మీ సెట్టు తప్పు కాదు.

జాబితాలో గుణదల బీబీఎస్ మారుపేరు కనిపిస్తే, సి అక్షరం, ఖాళీ, ఆ మారుపేరు, ఎంటర్. కనిపించకపోతే సి తరువాత నోడ్ పోర్ట్ అంకె, ఆ తరువాత బీబీఎస్ కాల్‌సైన్. బీపీక్యూ అనే ప్రోగ్రాముతో నడిచే నోడ్‌లలో పోర్ట్ అంకె అడుగుతుంది, పోర్ట్స్ అని కొడితే ఏది ఏ రేడియోనో చెబుతుంది. మంగళగిరి నుంచి గుణదలకి నేరుగా అందకపోతే అప్పుడు, అక్కడి నుంచి, తాడేపల్లి ఒక్కదాన్నే వయా పెట్టండి. అలా పెడితే మీ అంగ పూర్తిగా విడిపోయి, రెండు అంగల గొలుసు మాత్రమే మిగులుతుంది. ఒక్క ఎస్ అక్షరం చివర్లో చేరిస్తే బీపీక్యూలో ఇంకో సదుపాయం, బీబీఎస్ నుంచి బయటకి వచ్చినప్పుడు లింకు మొత్తం తెగిపోకుండా మళ్లీ నోడ్ దగ్గరే నిలబెడుతుంది.

కనెక్ట్ కొట్టాక ఆత్రపడకండి. నోడ్ తన రిట్రైలు తను చేసుకుంటుంది, నిమిషం పట్టినా పట్టొచ్చు. మధ్యలో ఇంకో కమాండ్ కొడితే కొన్ని నోడ్‌లలో జరుగుతున్న ప్రయత్నం రద్దయిపోతుంది. ఖాళీ ఎంటర్‌లు కూడా కొట్టవద్దు, ఒక్కో ఎంటర్ ఒక్కో ప్యాకెట్.

బీబీఎస్ మిమ్మల్ని మీ కాల్‌సైన్ గీత పదిహేనుగా చూడొచ్చు, కంగారు పడకండి. నోడ్ మీ తరఫున మామూలు లింకు వేసేటప్పుడు మీ అంకెని పదిహేనులోంచి తీసేసి వాడుతుంది, సున్నా పదిహేను అవుతుంది, ఒకటి పద్నాలుగు. కారణం ఉంది. అలా మార్చకపోతే, బీబీఎస్ మీ పేరు మీద నోడ్‌కి పంపిన ప్యాకెట్ ఏదో ఒక రోజు మీ టీఎన్‌సీకే వినపడుతుంది. ఇది నా లింకు కాదే అని మీ టీఎన్‌సీ తెగ్గొట్టే ప్యాకెట్ పంపిస్తుంది, మీ సెషన్‌ని మీరే చంపుకున్నట్టు. బీబీఎస్ ప్రోగ్రాములు అంకె వదిలేసి అసలు కాల్‌సైన్ తోనే మీ మెయిల్ చూసుకుంటాయి.

నోడ్ వాడకంలో నాకు నచ్చని విషయం ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. డిజిపీటర్ ఎంత చెత్తయినా, జవాబు వచ్చిందంటే అది బీబీఎస్ ఇచ్చిన జవాబే. నోడ్ దగ్గర మీకు వచ్చే జవాబు నోడ్‌ది. మీరు కొట్టిన ఉత్తరం మొత్తం మంగళగిరి సంతకం పెట్టి తీసుకుని ఉండొచ్చు, అందులో సగం ఇంకా గుణదల చేరక దాని కడుపులోనే ఉండొచ్చు. మీ స్క్రీన్ మీద అంతా పోయినట్టే కనపడుతుంది. అందుకని ఉత్తరం చివర స్లాష్ ఈఎక్స్ అని విడి లైన్లో కొట్టాక, బీబీఎస్ ఆ మెసేజ్‌కి ఒక నంబరు ఇచ్చి మళ్లీ ప్రాంప్ట్ చూపించేదాకా చేతులు కట్టుకుని కూర్చోండి. నంబరు రాకుండా లింకు తీసేస్తే ఉత్తరం లేనట్టే. బయటికి వచ్చేటప్పుడు కూడా బి అని కొట్టి బీబీఎస్ చేత సెలవు తీసుకోవాలి, రేడియో స్విచ్ తీసేసి కాదు. స్విచ్ తీసేస్తే అటువైపు నోడ్, బీబీఎస్ రెండూ మిమ్మల్ని వెతుక్కుంటూ రిట్రైలు పంపుతూనే ఉంటాయి, మిగతా వాళ్లకి చానల్ దొరకదు.

బీబీఎస్‌లో కూడా ఉత్త ఎల్ కొట్టవద్దు. మొదటిసారి అయితే ఉన్న బులెటిన్లన్నీ దొర్లించేస్తుంది. ఎల్ఎమ్ అంటే మీకొచ్చినవి మాత్రమే. ఎల్ఎల్ తరువాత పది అని ఇస్తే చివరి పది. ఆర్ తరువాత నంబరు ఇస్తే చదవొచ్చు, కె తరువాత నంబరు ఇస్తే మీ దాన్ని చెరిపేయొచ్చు. ఎస్‌పీ ఒకరికి ఉత్తరం, ఎస్‌బీ అందరికీ బులెటిన్. మొదటి రోజు ఎన్ తో పేరు, ఎన్‌హెచ్ తో మీ సొంత బీబీఎస్ ఏదో చెప్పండి, లేకపోతే మీకొచ్చే ఉత్తరాలు ఎక్కడికి పోవాలో తెలియదు. అన్నీ బహిరంగంగా గాలిలో పోయేవే. ఎవరైనా వినొచ్చు, రహస్య లిపి పెట్టడానికి అమెచ్యూర్ నిబంధనలు ఒప్పుకోవు, వ్యాపారం మాటలు కూడా కుదరవు.

తెలుగులో రాయొచ్చా అని అడిగారు. ఏఎక్స్.25కి అభ్యంతరం లేదు, అది ఏ బైటునైనా మోస్తుంది. అడ్డం వచ్చేవి పాత టెర్మినళ్లు, పాత బీబీఎస్ ప్రోగ్రాములు, అవి ఎనిమిదో బిట్‌ని కత్తిరించేస్తాయి, అప్పుడు మీ తెలుగు చెత్త గుర్తులుగా మారుతుంది. ఇంకోటి బరువు. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడేసి బైట్లు. గుంటూరు అని తెలుగులో కొడితే 21 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో ఆరు. 128 సైజు ప్యాకెట్‌లో రెండు చిన్న వాక్యాలు కూడా పట్టవు. పైగా ప్యాకెట్ చివర ఒక అక్షరం మూడు బైట్లలో రెండు ఇటు, ఒకటి అటు పడితే కొన్ని టెర్మినళ్లలో ఆ అక్షరం పగిలిపోతుంది. మీ స్నేహితుడితో ఒకటి రెండు పంపి చూసుకోండి, సరదా. పని మెసేజ్‌లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాయడం మేలు.

మానిటర్, అంటే చానల్ మీద వినపడిన ప్యాకెట్లన్నీ చూపించే తెర, చదవడం నేర్చుకోండి, మిగతా దేనికంటే అది ముఖ్యం. డిజిపీటర్ ద్వారా పోతున్న ప్యాకెట్ లైన్లో, ఎవరు తిరిగి పలికారో వాళ్ల పేరు పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. మీరు వయా మంగళగిరి అని పంపాక, మీదే ప్యాకెట్ మంగళగిరి పక్కన నక్షత్రంతో వినపడిందా? అయితే మీ సిగ్నల్ అక్కడికి బాగానే చేరుతోంది, పవర్ మాట మరిచిపోండి, తెగింది దాని అవతల. నక్షత్రమే రాలేదా? మీ అంగలోనే లోపం. మీకు డీఎం (లింకు కుదరదన్న జవాబు) అని తిరిగి వచ్చి బిజీ అని చూపిస్తే, దారంతా బాగుంది, అవతలి స్టేషనే ఇప్పుడు కాదంటోంది. ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులు, మందులూ వేరు. అన్నిటికీ కొత్త యాంటెన్నా కొనడం మన హ్యామ్‌లలో ఒక అలవాటు.

మీ డైర్‌వుల్ఫ్‌లో ఒకటి చూడండి. అది అవతలి వాడు కొత్త 2.2 పద్ధతి వాడతాడేమోనని ముందు ఆ రకంగా కనెక్ట్ అడుగుతుంది, జవాబు లేకపోతే కొన్నిసార్ల తరువాత పాత పద్ధతికి దిగుతుంది. మంగళగిరిలో ఉన్నది పాత టీఎన్‌సీ అయితే ఆ మొదటి ప్రయత్నాలన్నీ దండగ. కాన్ఫిగ్ ఫైల్లో వీ20 అన్న లైన్లో ఆ నోడ్ కాల్‌సైన్ రాస్తే నేరుగా పాత పద్ధతిలోనే అడుగుతుంది. టీఎక్స్‌డిలే, అంటే సెట్టు పంపడం మొదలుపెట్టాక డేటా వదిలే ముందు ఆగే సమయం, 30 అంటే 300 మిల్లీసెకన్లు. హ్యాండ్‌సెట్‌లు వినడం నుంచి పంపడానికి మారడంలో కాస్త బద్ధకం, 40 పెట్టి చూడండి, సరిపోతే మెల్లగా తగ్గించండి. వాక్స్ (శబ్దం వినగానే సెట్టు దానంతటదే పంపడం) మీద నడుపుతుంటే మానేసి పీటీటీకి (పంపే మీటకి) విడిగా తీగ లాగండి, వాక్స్ వదిలేలోపే అవతలి జవాబు మొదలైపోతుంది. వినే వైపు స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గురగురని ఆపే ఏర్పాటు) పూర్తిగా తెరిచి, డైర్‌వుల్ఫ్ చూపించే ఆడియో లెవెల్ 50 ప్రాంతంలో ఉండేలా వాల్యూమ్ పెట్టుకోండి. పంపే వైపు ఆడియో ఎక్కువైతే టోన్లు నలిగిపోతాయి. మీ చెవికి గట్టిగా, శుభ్రంగా వినిపిస్తున్నా అవతలి టీఎన్‌సీ ఒక్కటీ విప్పలేకపోతే నూటికి తొంభైపాళ్లు అదే.

యాంటెన్నా గురించి ఒక్క మాట. ఆర్‌జీ-58 కేబుల్ ముప్పై మీటర్లు లాగారంటే ఆరు డీబీ దాకా అందులోనే పోతుంది, అంటే మీ అయిదు వాట్లలో పైకి చేరేది ఒకటింబావు. రాస్ప్‌బెర్రీ పైని, సెట్‌ని డాబా మెట్ల గదిలోకి చేర్చి కేబుల్ పొట్టిది చేసి, మీరు కింద నుంచి వైఫై మీద మాట్లాడుకోండి. అదే ఖర్చు లేని నాలుగు రెట్లు. ఆ తరువాత కూడా చాలకపోతే మూడు కడ్డీల యాగీ యాంటెన్నా, నిలువుగా బిగించి మంగళగిరి వైపు తిప్పండి. అడ్డంగా బిగించవద్దు, అక్కడున్నది నిలువు యాంటెన్నా.

నోడ్ లేని సమయంలో ప్రాక్టీస్ కావాలంటే అంతరిక్ష కేంద్రం మీద డిజిపీటర్ పనిచేస్తున్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్ వినండి. అదే 1200 బాడ్. తల మీదుగా పోయేది పది నిమిషాల లోపే, దాని ద్వారా బీబీఎస్ సెషన్ నడపాలని చూడవద్దు, ఒకటి రెండు ముక్కల మెసేజ్‌లు చాలు. నక్షత్రం గుర్తు చదవడం అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు లేదు, ఎందుకంటే మధ్యలో కొండ అడ్డమొచ్చిందన్న అనుమానం ఉండదు.

ఇంటర్నెట్ ఉండగా ఇదంతా ఎందుకని మీ ఇంట్లో అంటున్నారని రాశారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కరెంటు లేక, ఫోన్లు చార్జింగ్ లేక జనం ఎంత ఇబ్బంది పడ్డారో మనం చూశాం. అలాంటి రోజున పేర్లు, మందుల లిస్టులు తప్పుల్లేకుండా అటు నుంచి ఇటు చేరడానికి గొంతుతో చెప్పడం కంటే ప్యాకెట్ నయం, రాసింది రాసినట్టు వస్తుంది. కాకపోతే ఆ రోజు కోసం మంగళగిరి నోడ్ ఇన్వర్టర్ మీద ఉందా, బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది అన్నది ఇవాళే దాని యజమానిని అడిగి పెట్టుకోండి. గోడ ప్లగ్గు మీద మాత్రమే నడిచే నోడ్ వానాకాలంలో ఎందుకూ కొరగాదు.

ముందు మంగళగిరికి ఒక్కదానికే కనెక్ట్ అయ్యి, నోడ్స్, రూట్స్ రెండూ అడిగి, అక్కడి నుంచి బీబీఎస్‌కి వెళ్లి ఎల్ఎల్ పది కొట్టి చూడండి. అప్పటికీ ఆగిపోతే, ఆగిన చోట మానిటర్‌లో ముందు వెనకల ఇరవై లైన్లు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, నక్షత్రం గుర్తులు పోకుండా కాపీ చేయండి. మీ స్నేహితుడు ప్యాకెట్ సైజు మార్చారో లేదో కూడా రాయండి. 73 (హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు).